వణికిన కెమెరా

సినిమా మొదలవుతూనే ఒక కేక, ఒక పేలుడు, దుమ్ము. ఆ తరువాత మనుషులు. నెత్తిన దీపాలు వెలుగుతుండగా ఒక్కొక్కరే ఉరికొచ్చి, కదులుతున్న కన్వేయర్ బెల్టు మీదికి దూకి, వాలి పడుకుంటారు. తల ఎత్తితే పైకప్పు తగిలేటంత ఇరుకు. బొగ్గు ఏ దారిన పోతుందో మనుషులూ ఆ దారినే, ఆ వేగంతోనే పోతారు. వెనకనుంచి ఎవరి గొంతూ ఏమీ వివరించదు. కంపెనీ లెక్కలో బొగ్గుకీ మనిషికీ తేడా ఎంత అన్న ప్రశ్న మాత్రం ఆ బెల్టు మీద మన కళ్లముందునుంచి సాగిపోతుంది.

ఈ సినిమాని మొదటిసారి ఒక్కడినే చూశాను. రెండోసారి బెల్లంపల్లిలో మా పెద్దబాపు పక్కన కూర్చుని చూశాను. ఆయన సింగరేణిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపడంతోనే వయసంతా గడిచిపోయింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బెల్టు దృశ్యం రాగానే మంచం మీద ముందుకు వంగి, "అట్ల ఎక్కద్దురా. సర్దార్ సూస్తె చార్జిషీటే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. నేను ప్రతీక చూసిన చోట ఆయన ప్రమాదం చూశాడు. కావ్యాన్ని అనుభవించడానికి సహృదయుడు కావాలన్నారు మన ఆలంకారికులు. బొగ్గు బాయి దిగినవాడి సహృదయత్వం పుస్తకాలు చదివినవాడికి వచ్చేది కాదని ఆ పూట అర్థమైంది.

'హార్లన్ కౌంటీ, యూఎస్ఏ' 1976 నాటి డాక్యుమెంటరీ. నిడివి 103 నిమిషాలు. తీసింది బార్బరా కోపుల్. మేజల్స్ సోదరుల దగ్గర పనిచేసి, సొంతంగా సినిమా తీద్దామని బయల్దేరినప్పటికి ఆవిడది చిన్న వయసే. నిజానికి ఆవిడ తీయాలనుకున్నది ఈ కథ కాదు. అమెరికా గని కార్మికుల యూనియన్‌లో అప్పుడు పెద్ద కుళ్లు బయటపడుతోంది. అధ్యక్షుడు టోనీ బాయిల్‌కి ఎదురు నిలిచిన జాక్ యబ్లాన్‌స్కీని, ఆయన భార్యని, కూతుర్ని 1969 డిసెంబరు 31 రాత్రి ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ హత్య వెనక బాయిల్ ఉన్నాడని తరువాత రుజువైంది. యూనియన్‌ని బాగుచేద్దామని కార్మికులే పూనుకున్న ఉద్యమాన్ని చిత్రించాలని కోపుల్ వెళ్లింది. ఇంతలో 1973 వేసవిలో కెంటకీ రాష్ట్రం హార్లన్ కౌంటీలోని బ్రూక్‌సైడ్ గనిలో నూట ఎనభై మంది సమ్మెకు దిగారు. వాళ్లు యూనియన్‌లో చేరతామని ఓటు వేశారు, ఈస్టోవర్ కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టనంది. ఆ కంపెనీ వెనక ఉన్నది డ్యూక్ పవర్ అనే విద్యుత్ సంస్థ. కోపుల్ తన కథని పక్కన పెట్టి, ఈ ఊరికి వచ్చి, కార్మికుల ఇళ్లలోనే మకాం పెట్టింది. సమ్మె పదమూడు నెలలు సాగింది. ఆవిడా ఉండిపోయింది.

ఈ సినిమా అందమంతా ఆ ఉండిపోవడంలోనే ఉంది. రెండు రోజులుండి వెళ్లిపోయే కెమెరాకి పేదరికం దొరుకుతుంది గానీ పేదవాడు దొరకడు. పెంకుటిల్లు, పగిలిన గోడ, ముక్కు కారుతున్న పిల్లవాడు, ఇవి ఎక్కడైనా పోగుచేసుకోవచ్చు. వాటితో శోకం పుట్టించవచ్చు. కరుణకి స్థాయి శోకం కదా. కానీ శోకం దగ్గరే ఆగిపోయిన డాక్యుమెంటరీ చూసినవాడు కళ్లు తుడుచుకుని, మనసు తేలికపడి, హాయిగా ఇంటికి పోతాడు. ఏడవడమే ఒక ఉపకారం చేసినట్టు అనిపిస్తుంది వాడికి. కోపుల్ ఆ తేలికదనం మనకి దక్కనివ్వదు. శోకాన్ని చూపించి, అది మన కంట్లో నీరయ్యేలోపలే అదే మనిషి ముఖం మీద ఉత్సాహంగా మారడం చూపిస్తుంది. కరుణలోంచి వీరం పుట్టడం నాటకంలో కవి చేసే పని. ఇక్కడ ఆ పని కాలం చేసింది. పదమూడు నెలలు పక్కన కూర్చున్నందుకు ఆవిడకి అది దొరికింది.

ఉదాహరణకి ఆ స్నానం. బ్రూక్‌సైడ్‌లో కంపెనీ ఇళ్లకు కుళాయి నీళ్లు లేవు. ఒక తల్లి రేకు తొట్టిలో నీళ్లు పోసి చిన్నబిడ్డకి స్నానం చేయిస్తుంటుంది. తొట్టి చిన్నది, బిడ్డ మోకాళ్లు పైకి లేచి ఉంటాయి. తల్లి ముందుముందు రాబోయే పెద్ద తొట్టి గురించీ వేడినీళ్ల గురించీ మాటలు చెబుతూ వీపు రుద్దుతుంటుంది. మన అమ్మలు చందమామ కథ చెప్పి అన్నం పెట్టినట్టుగా ఆవిడ వేడినీళ్ల కథ చెప్పి ఒళ్లు తోముతుంది. కెమెరా దగ్గరికి పోయి ఆ నీళ్ల మురికిని చూపించి మన జాలిని గిల్లదు. మంచి అతిథిలా కాస్త దూరంలో ఆగిపోతుంది. ఆ ఒక్క ఔచిత్యం కోసమే ఈ దర్శకురాలికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

అలాగే ఒక ముసలి కార్మికుడు చెప్పే పాత సంగతి. గనిలో కంచరగాడిదల చేత బండ్లు లాగించే కాలం అది. పైకప్పు రాయి బాగాలేని చోటికి గాడిదని తీసుకుపోవద్దని పైవాడు హెచ్చరిస్తాడు. మరి నా సంగతో అని ఇతను అడుగుతాడు. మనిషి పోతే ఇంకో మనిషిని పనిలో పెట్టుకోవచ్చు, గాడిదనైతే డబ్బు పెట్టి కొనాలి కదా అని జవాబు. ఇంత చేదు సంగతిని ఆ ముసలాయన పెదవి చివర చిన్న నవ్వుతో చెబుతాడు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరగదీసిన కథ అని తెలిసిపోతుంది. నేను పెద్దబాపుకి తెలుగులో చెప్పాను. ఆయన నవ్వలేదు. "మంచిగ జెప్పిండు" అని మాత్రం అన్నాడు.

ఇక ఆడవాళ్లు. ఈ సినిమాకి అసలు నాయికలు వాళ్లే. గేటు దగ్గర కొద్దిమందికి మించి కార్మికులు నిలబడకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది కంపెనీ. ఆ ఉత్తర్వు కార్మికులకి గానీ వాళ్ల పెళ్లాలకి కాదు కదా! తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే కర్రలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. సమ్మె విరగ్గొట్టడానికి కార్లలో వచ్చేవాళ్ల ముందు అడ్డంగా పడుకున్నారు. జైలుకి పోయారు, పిల్లలతో సహా. వాళ్లని దేవతలుగా చూపించడం సులువు. కోపుల్ ఆ పని చేయలేదు. వాళ్ల మీటింగు ఒకటి చూపిస్తుంది. ఎవరు పొద్దున్నే రాలేదు, ఎవరు తాగారు, ఎవరు ఎవరి మొగుడి వెంట పడ్డారు అని ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకుంటారు. ఇది ఉద్యమానికి నామర్దా అని కత్తిరించి పారేసే దర్శకులు నాకు తెలుసు. ఆవిడ ఉంచింది. అంత గొడవలోనూ ఒకావిడ లేచి, తనకి కావలసింది ఎవరి మొగుడూ కాదనీ, కాంట్రాక్టు అనీ తేల్చేస్తుంది. గది ఒక్క క్షణం ఆగిపోతుంది. మర్నాడు పొద్దున ఇదే ఆడవాళ్లు చేతులు పట్టుకుని రోడ్డు మీద నిలబడితే, ఆ చేతుల మధ్య ఎంత కోపం మింగబడిందో మనకి తెలుసు గనక ఆ బారు మనకి ఇంకా గట్టిగా కనిపిస్తుంది.

వాళ్లలో లోయిస్ స్కాట్. పెద్దమనిషి, నోరుగల మనిషి, రానివాళ్లని మొహమాటం లేకుండా కడిగేసే మనిషి. కంపెనీ మనుషులు తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారన్న మాటలు ముదిరాక, ఒకసారి తన బట్టల లోపల చేయి పెట్టి చిన్న పిస్తోలు తీసి చూపిస్తుంది. మన దగ్గర ఆడవాళ్లు బొడ్లోంచి చిల్లర సంచి తీసినంత మామూలుగా తీస్తుంది. హాలంతా గొల్లుమని నవ్వే చోటు అది. ఆ నవ్వు మధ్యలో వెన్ను చల్లబడుతుంది. ఈమెకి పిస్తోలు ఎందుకు కావలసి వచ్చింది? హాస్యం వెనకాలే భయానకం తలుపు తీసుకుని లోపలికి వచ్చేస్తుంది. ఈ రెండు రసాలు పొసగవని లక్షణ గ్రంథాలు అనవచ్చు గాక, బ్రూక్‌సైడ్‌లో అవి ఒకే ఇంట్లో కాపురం చేశాయి.

కథ చెప్పే గొంతు లేదన్నాను. దాని స్థానంలో పాట ఉంది. బుర్రకథలో నడిమి కథకుడు ఆగిన చోట వంతలు అందుకుంటారు చూడండి, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఈ సినిమాలో నడుమ కథకుడే లేడు, వంతలు మాత్రమే ఉన్నారు. నిమ్రాడ్ వర్క్‌మన్ అనే రిటైర్డ్ కార్మికుడు వాద్యం లేకుండా పాడతాడు. హేజెల్ డికెన్స్ పాటలు దారి పొడుగునా వస్తాయి. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి చచ్చిపోయిన అన్న ఉన్నాడు ఆమెకి. అందుకే ఆ గొంతులో తీపి లేదు, కోసుకుపోయే గుణం ఉంది. ఇంకో సంగతి, ఈ సినిమాకి శబ్దం రికార్డు చేసింది స్వయంగా దర్శకురాలే. కెమెరా హార్ట్ పెర్రీ వంటి వారి చేతుల్లో ఉంటే, మైకు ఆవిడ చేతిలో ఉంది. చూసే పని ఇంకొకరికి అప్పగించి వినే పని తాను ఉంచుకున్న దర్శకురాలు! దగ్గు, తలుపు కిర్రు, పొద్దున్నే చలికి గొంతు సవరించుకోవడం, అన్నీ అంత దగ్గరగా ఎందుకు వినిపిస్తాయో దీంతో తెలుస్తుంది.

పాటల్లో శిఖరం ఫ్లోరెన్స్ రీస్. 1931లో ఇదే హార్లన్‌లో సమ్మె నడుస్తుండగా షెరీఫ్ మనుషులు ఆమె మొగుడి కోసం ఇల్లంతా గాలించి పోయారు. ఆ రోజుల్లోనే గోడ క్యాలెండరు కాగితం వెనక ఆమె ఒక పాట రాసుకుంది. 'విచ్ సైడ్ ఆర్ యూ ఆన్', నీవెటు అని నిలదీసే పాట. అది దేశమంతా తిరిగింది, ఎందరో పేరున్న గాయకులు పాడారు. నలభై ఏళ్లు దాటాక, ముసలిదై, ఆమె బ్రూక్‌సైడ్ సభలో వేదికెక్కి పాడుతుంది. గొంతు పగిలిపోయింది, ఊపిరి చాలదు. చరణం మధ్యలో సభ అందుకుంటుంది. ఆ ముఖాల మీదికి కెమెరా మెల్లగా తిరిగినప్పుడు, తాతల సమ్మె మనవల సమ్మెలోకి దిగడం కంటికి కనిపిస్తుంది. చరిత్ర పాఠంలా వచ్చేది కాదిది, స్వరభంగంలా వస్తుంది.

స్వరభంగం అన్నాను గనక, నన్ను ఈ వ్యాసం రాయించిన దృశ్యం దగ్గరికి వస్తాను. చీకటి ఇంకా వదలలేదు. గేటు దగ్గర కార్మికులు, వాళ్ల పక్కనే కోపుల్ బృందం. కంపెనీ తరఫు మనుషులు వచ్చి మీద పడతారు. తుపాకి చప్పుళ్లు. కెమెరా ఒక్కసారిగా ఊగి, ఆకాశం, మట్టి, ఎవరిదో కాలు, తరువాత ఏమీ లేదు. నలుపు. ఆ నలుపులో అరుపులు వినిపిస్తూనే ఉంటాయి. కోపుల్‌ని, కెమెరామన్‌ని కొట్టారు.

నాట్యశాస్త్రం సాత్త్విక భావాలు ఎనిమిదంటుంది. స్వరభంగం వాటిలో ఒకటి, వేపథువు, అంటే వణుకు, మరొకటి. నటుడు మనసు లగ్నం చేస్తే తప్ప పలకని భావం అది, అందుకే దానికా గౌరవం. ఇక్కడ వణికింది నటుడు కాదు, చూపించే కన్నే వణికింది. అనుభావం పాత్రలో గాక చిత్రించే యంత్రంలో పుట్టడం నేను మరెక్కడా ఇంత నిజంగా చూడలేదు. చేతికెమెరా ఊపి భయం పుట్టించే కథాచిత్రాలు ఇప్పుడు వారానికి రెండు వస్తున్నాయి. వాటిలో ఊపు ఉంటుంది, వణుకు ఉండదు. కిందపడిన ఆ కెమెరా ఇక ప్రేక్షకుడు కాదు. దెబ్బ తిన్నవాళ్ల వరసలో అదీ ఒకటి. ఆ క్షణంనుంచి మనం ఎటువైపు అన్న ప్రశ్నకి తీరిక లేదు, మనల్ని ఆ వైపు నేలకేసి కొట్టేశారు.

దీని ముందువెనకలుగా ఇంకో ఘట్టం ఉంది. బాసిల్ కాలిన్స్ అనే కంపెనీ మనిషి, సమ్మె విరగ్గొట్టే దండుకి పెద్ద. బండి ఆపి, నువ్వెవరి తరఫున వచ్చావు, కార్డు చూపించు అని కోపుల్‌ని అడుగుతాడు. ఆవిడ వెంటనే నీ కార్డు చూపించు అంటుంది. అతను తనది ఎక్కడో పడిపోయిందంటాడు. అయితే నాదీ అంతే అంటుంది ఆవిడ, గొంతు ఏమాత్రం పెంచకుండా. దర్శకురాలు మనకి కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. వీర రసానికి గద, కిరీటం అక్కర్లేదు, తడబడని గొంతు ఉంటే చాలునని ఆ రెండు నిమిషాలు చెబుతాయి. ఫిల్ము అయిపోయిన రోజుల్లో కూడా వాళ్లు ఖాళీ కెమెరాతో గేటు దగ్గరికి వెళ్లేవాళ్లట. కెమెరా ఉంటే దెబ్బలు కాస్త తగ్గుతాయని. డాక్యుమెంటరీ సమాజాన్ని మారుస్తుందా అని సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడతాం. ఫిల్ము లేని కెమెరా ఒక ఉదయం నాలుగు దెబ్బలు ఆపిందంటే ఆ మార్పుని ఏ ఖాతాలో రాయాలో ఆ సెమినార్లలో ఎవరూ చెప్పలేదు.

ఒకచోట సినిమా కాస్త కుంటుతుంది, చెప్పాలి. బాయిల్, యబ్లాన్‌స్కీ, ఆ తరువాత అధ్యక్షుడైన ఆర్నాల్డ్ మిల్లర్, 1968లో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోవడం, ఇవన్నీ పాత వార్తాచిత్రాల ముక్కలుగా గబగబా వచ్చిపోతాయి. ఆ చరిత్ర ముందే తెలియనివాడికి ఎవరు ఎవరో అందదు. కోపుల్ తీయాలనుకుని వదిలేసిన మొదటి సినిమా ఇక్కడ రెండో సినిమా కాళ్లకి అడ్డం పడుతున్నట్టుంటుంది. పెద్దబాపు ఈ భాగంలో లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు.

కానీ న్యూయార్క్ వీధి దృశ్యం దగ్గర మళ్లీ కుదురుకుంటుంది. స్టాక్ ఎక్స్ఛేంజి ముందు ప్లకార్డు పట్టుకుని నిలబడిన కార్మికుడి పక్కన ఒక పోలీసు. బందోబస్తుకి వచ్చినవాడు ఏమీ తోచక మాటలు కలుపుతాడు. గంటకి ఎంతిస్తారు, పళ్లకి వైద్యం ఉందా, పింఛను ఎంత. పోలీసు తనకున్నవి చెబుతాడు. కార్మికుడు తనకి లేనివి చెబుతాడు. ఎవరూ ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించరు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ పోలీసు ముఖంలో ఏదో కదులుతుంది. బస్టాపులో ఇద్దరు జీతాలు పోల్చుకున్నట్టు సాగే ఈ మాటలే సినిమా మొత్తంలో అతి పెద్ద ఉపన్యాసం. వర్గ చైతన్యం మీద నేను చదివిన లావుపాటి పుస్తకాలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

1974 ఆగస్టులో లారెన్స్ జోన్స్ అనే యువ కార్మికుడిని కంపెనీ ఫోర్‌మన్ కాల్చాడు. అతను చనిపోయాడు. భార్యకి పదహారేళ్లు, బిడ్డకి ఐదు నెలలు. కాల్పులు జరిగిన చోట నేల మీద పడివున్నది మెదడు ముక్క అని తోటి కార్మికుడు చూపిస్తాడు, కెమెరా చూస్తుంది. ఇది చూపించాలా అని నాతో నేను చాలాసేపు వాదించుకున్నాను. బీభత్సం రుచి కోసం వాడితే నీచం. ఇక్కడ చూపిస్తున్నవాడు రుచి కోసం చూపించడం లేదు, సాక్ష్యం కోసం చూపిస్తున్నాడు, చెరిగిపోకముందే ఎవరో ఒకరు చూడాలని. ఆ వేలికి కెమెరా లోబడింది. తరువాత శవపేటిక దగ్గర తల్లి కూలిపోతుంది.  

కొద్దిరోజులకే కంపెనీ సంతకం పెట్టింది. సమ్మె గెలిచింది. మామూలు కథ అయితే తెర ఇక్కడ దించాలి, మన కడుపు నిండాలి. కోపుల్ దించదు. సినిమా ఆ ఏడాది చివరి జాతీయ ఒప్పందంలోకి, స్థానికంగా సమ్మె చేసే హక్కు చేజారిపోయిందన్న గొణుగుడులోకి, మళ్లీ సమ్మెలోకి నడుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది నిర్మాణ దోషం అనుకున్నాను. ఇప్పుడు అదే నాకు ఇష్టమైన భాగం. గెలుపుని ముగింపుగా పెట్టి ఉంటే ఆ మరణానికి ఒక వెల కట్టి, చెల్లు రాసినట్టు అయ్యేది.

సినిమా విడుదలయ్యేటప్పటికి సమ్మె ముగిసి రెండేళ్లు. కాబట్టి సినిమా సమ్మెని గెలిపించలేదు. 1977లో ఆస్కార్ వచ్చింది, ఆ బొమ్మని కోపుల్ చేతికిచ్చింది రచయిత్రి లిలియన్ హెల్‌మన్. 1990లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోకి ఎక్కింది. అదే ఏడాది వచ్చిన 'అమెరికన్ డ్రీమ్'లో కోపుల్ ఒక మాంసం ఫ్యాక్టరీ కార్మికుల ఓడిపోయిన సమ్మెని చిత్రించి రెండో ఆస్కార్ తెచ్చుకుంది. ఇక హార్లన్‌లో 2019 వేసవిలో ఒక బొగ్గు కంపెనీ దివాలా తీసి జీతాల చెక్కులు చెల్లకపోతే, యూనియన్ అనేదే మిగలని ఆ జిల్లాలో కార్మికులు బొగ్గు రైలుకి అడ్డంగా పట్టాల మీద కూర్చున్నారు. వాళ్లకి అట్లా కూర్చోవడం ఎవరు నేర్పారని అడిగితే ఈ సినిమా పేరు చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆ ఊరి నేల అని చెబితే చాలు.

మన దగ్గర ఆనంద్ పట్వర్ధన్ 1985 చిత్రం 'బాంబే అవర్ సిటీ'లో, గుడిసె పోగొట్టుకున్న ఒక తల్లి కెమెరా వైపే తిరిగి, మా బొమ్మలు తీసి నువ్వు పేరు తెచ్చుకుంటావు, మాకేమొస్తుంది అన్న అర్థం వచ్చేలా కడిగేస్తుంది. పట్వర్ధన్ ఆ తిట్టుని సినిమాలోనే ఉంచాడు. మంచి డాక్యుమెంటరీ తీసిన ప్రతివాడి చెవిలో ఆ తల్లి గొంతు ఉంటుందనుకుంటాను. కోపుల్‌కి ఆ ప్రశ్న ఎదురైందో లేదో గానీ, ఆవిడ పదమూడు నెలలు ఆ ఇళ్లలో తిని, ఆ చీకట్లో దెబ్బలు తిన్నది.

సినిమా అయిపోయింది. నేను ల్యాప్‌టాప్ మూయబోతుంటే పెద్దబాపు చేయి అడ్డం పెట్టాడు. ఏ దృశ్యం అడుగుతాడా అని చూశాను. తుపాకుల దగ్గర ఆయన ఊపిరి బిగబట్టడం చూశాను, శవం దగ్గర కండువాతో ముఖం తుడుచుకోవడమూ చూశాను. 2011 సకలజనుల సమ్మెలో సింగరేణి మొత్తం నెలకు పైగా ఆగిపోయినప్పుడు పెద్దమ్మ బియ్యం కొలిచి కొలిచి పోసిన సంగతి ఏమైనా ఎత్తుతాడేమో అనుకున్నాను.

"గా తొట్టిల పొల్లకు తానం జేపిచ్చిన ముచ్చట మల్ల పెట్టు" అన్నాడు.

వెతికి పెట్టాను. రేకు తొట్టి, పైకి లేచిన మోకాళ్లు, వేడినీళ్ల కథ. ఆయన మంచం పట్టె మీద వేళ్లు ఆడిస్తూ చూశాడు. షిఫ్టు నుంచి నల్లగా వచ్చిన మొగుడికి వేడినీళ్లు కాగబెట్టి వీపు రుద్దిన పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడా చూసింది.

"ఆల్లింట్ల నల్లా వొచ్చిందా మరి?" అని అడిగింది పెద్దమ్మ.

నేను జవాబు చెప్పకుండా ఇంకోసారి వెనక్కి తిప్పాను.